ఆటో ల్యాండింగ్ బటన్ ముట్టుకోకుండా డ్రోన్ దించడం ఎలా

డ్రోన్ కొనబోయేవాళ్ళు ఎంత దూరం వెళ్తుందో అడుగుతారు, ఎంత ఎత్తుకి లేస్తుందో అడుగుతారు, కెమెరా ఎలా ఉంటుందో అడుగుతారు. దించడం గురించి అడిగినవాణ్ణి నేనింకా చూడలేదు. పోయిన వేసవి సెలవుల్లో మా మేనల్లుడు పాత టెల్లో డ్రోన్ ఒకటి సంచిలో వేసుకుని మా ఊరొచ్చాడు. 80 గ్రాముల బుల్లి డ్రోన్ అది. మొదటి రోజు హైస్కూలు గ్రౌండులో దాన్ని పద్నాలుగు సార్లు లేపాడు. తన చేత్తో దించింది రెండుసార్లే. మిగతావన్నీ బటన్ నొక్కి దించినవి, లేకపోతే అదే పడిపోయినవి.

"బటన్ ఉండగా ఈ తిప్పలన్నీ ఎందుకు మావయ్యా?" అన్నాడు.

ఎందుకో నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. మూడేళ్ళ కిందట మా డాబా మీంచి కెమెరా డ్రోన్ లేపాను. జీపీఎస్ ఉపగ్రహాల సిగ్నల్ సరిగ్గా అందకముందే, హోమ్ పాయింట్ (రిటర్న్ బటన్ నొక్కితే డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు) రికార్డు కాకముందే తొందరపడి లేపేశాను. పైకి వెళ్ళాక ఎక్కడో గాల్లో ఉండగా అది తన ఇంటిని తనే నిర్ణయించుకుంది. ఆ ఇల్లు సరిగ్గా పక్కవాళ్ళ కొబ్బరిచెట్టు మీద పడింది. రిటర్న్ నొక్కితే బుద్ధిగా వెళ్ళి మట్టల మీదకి దిగడం మొదలుపెట్టింది. నేను ఆపేసి రిమోట్ స్టిక్ పట్టుకున్నాను గానీ, దాని ముఖం నావైపు ఉంది. కుడికి రమ్మంటే ఎడమకి పోయింది, ఎడమకి రమ్మంటే గోడకి కొట్టుకుంది. బటన్ తప్పు ఏమీ లేదు. బటన్ పనిచేయనప్పుడు చేయాల్సిన పని నాకు చేతకాకపోవడమే తప్పు.

అంతా సవ్యంగా ఉన్నా జీపీఎస్ మీద ఆధారపడి దిగే డ్రోన్ లేచిన చోటికి రెండు మూడు మీటర్లు అటూ ఇటూగా దిగొచ్చు. గ్రౌండులో అయితే పర్వాలేదు. ఒక పక్క బావి, ఒక పక్క కరెంటు తీగ ఉన్నచోట ఆ రెండు మీటర్లే కొంప ముంచుతాయి. అందుకని ఈ పాఠం.

ముందు ఒక మాట: దించడం రెండు పనులు

అందరూ దించడమంటే థ్రాటిల్, అంటే మోటార్ల జోరు, తగ్గించడం అనుకుంటారు. అది రెండో పని. మొదటి పని డ్రోన్‌ని గాల్లో ఒక చోట కదలకుండా నిలపడం. కదులుతున్న డ్రోన్‌ని కిందకి తెస్తే కాలు నేలకి తగిలి బోల్తా పడుతుంది, రెక్కలు విరుగుతాయి. నిలిచిన డ్రోన్‌ని కిందకి తెస్తే, కాస్త గట్టిగా దిగినా ఏమీ కాదు. కింద చెప్పేవాటిలో సగం ఈ నిలపడం గురించే. విసుగనిపిస్తే భరించండి.

స్టిక్‌లు చేతికి అలవాటు కావాలి

మన దగ్గర దొరికే డ్రోన్లలో చాలావరకు మోడ్ 2 పద్ధతిలో ఉంటాయి. ఎడమ స్టిక్ పైకీ కిందకీ అంటే డ్రోన్ లేస్తుంది, దిగుతుంది; థ్రాటిల్ ఇదే. అదే స్టిక్ పక్కలకి తిప్పితే డ్రోన్ ఉన్నచోటే తన చుట్టూ తాను తిరుగుతుంది. కుడి స్టిక్ ముందుకీ వెనక్కీ, ఎడమకీ కుడికీ జరుపుతుంది. రిమోట్ సెట్టింగుల్లో మోడ్ 1 ఉంటే థ్రాటిల్ కుడిచేతి వైపుకి వెళ్ళిపోతుంది. వేరేవాళ్ళ రిమోట్ అరువు తెచ్చుకున్నప్పుడు ముందు ఇది చూసుకోండి.

టెల్లోకి రిమోట్ రాదు, ఫోన్ తెర మీదే వేళ్ళు జరపాలి. తెర మీద వేలు ఎక్కడుందో చూడకుండా తెలియదు. దించేటప్పుడు కళ్ళు డ్రోన్ మీద ఉండాలా, ఫోన్ మీద ఉండాలా? అందుకని రెండో రోజే వాడికి బ్లూటూత్ గేమ్‌ప్యాడ్ ఒకటి తగిలించాను. తేడా ఆ పూటే కనబడింది.

స్టిక్‌ని బొటనవేలి చివరతో తోసేవాళ్ళు ఎక్కువ. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ముక్కుపొడి పట్టుకున్నట్టు పట్టుకుంటే చిన్న చిన్న కదలికలు బాగా వస్తాయి. మీకు ఏది కుదిరితే అది చేయండి. రోజుకొకటి మాత్రం మార్చకండి.

చోటు, గాలి, ఎండ

పొద్దున్నే ఆరున్నరకి వెళ్ళండి. గాలి తక్కువ, పిల్లలు తక్కువ, ఎండ మంట ఉండదు. సూర్యుడు మీ వెనకో పక్కనో ఉండాలి. ఎదురెండలో డ్రోన్ నల్లటి చుక్కలా కనిపిస్తుంది, అది ఎటు తిరిగి ఉందో పోల్చుకోలేరు.

గాలి ఎటు వీస్తుందో చూడ్డానికి గుప్పెడు ఎండుగడ్డి నడుం ఎత్తునుంచి వదలండి. తర్వాత తలెత్తి చెట్ల కొసలు చూడండి. కింద గడ్డి నిటారుగా పడుతున్నా పైన కొబ్బరి మట్టలు ఊగుతుంటే, పైకి లేచాక గాలి ఉందన్నమాట. గాలి మీ ఎడమనుంచి కుడికో, కుడినుంచి ఎడమకో పోయేలా నిలబడండి. ఎదురుగా వచ్చే గాలైతే పట్టు తప్పిన డ్రోన్ సరాసరి మీ ముఖం మీదకే వస్తుంది.

దిగే చోటుని మీకు నాలుగు మీటర్లు ముందు పెట్టుకోండి. ఒక చదరపు మీటరు ప్లైవుడ్ ముక్క ఉంటే అంతకన్నా మంచిది లేదు. నేను మొదట్లో పాత దుప్పటి పరిచేవాణ్ణి. ఒకసారి డ్రోన్ మోకాలి ఎత్తుకి రాగానే రెక్కల గాలికి దుప్పటి అంచు లేచి రెక్కలకే చుట్టుకుంది. గుడ్డ, గోనెపట్టా, టార్పాలిన్ ఏదైనా సరే, నాలుగు మూలలా ఇటుకలు కాదు, నేలకి అణిగి ఉండేలా మేకులు కొట్టండి. ఇటుక ఎత్తుగా ఉండి కాలికి తగులుతుంది.

ఇసుక మీద అసలు దించొద్దు. భీమిలి వైపు బీచ్‌లో ఒక అయస్కాంతం ఇసుకలో పెట్టి తీయండి, నల్లటి రేణువులు మీసాల్లా అంటుకుని వస్తాయి. డ్రోన్ మోటార్లలో ఉన్నవీ బలమైన అయస్కాంతాలే. ఆ రేణువులు లోపలికి దూరితే మోటారు తిప్పినప్పుడు గరగరమంటుంది, బ్రష్‌తో దులిపితే అంత సులువుగా పోవు.

నిబంధనల సంగతి క్లుప్తంగా. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల వరకూ నానో, ఆపైన 2 కిలోల వరకూ మైక్రో. నానోకీ, సరదా కోసం ఎగరేసే మైక్రోకీ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో, 400 అడుగుల వరకూ ఎగరేయొచ్చు. పనిచేస్తున్న విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపల ఉంటే అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులే. గన్నవరం, మధురపూడి, శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా లేపకండి.

బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే దించడం నేర్చుకోండి

చాలామంది బ్యాటరీ అంతా తిరగడానికి వాడేసి, ఎర్ర లైటు వెలిగాక దించడానికి వస్తారు. అంటే అన్నిటికన్నా కష్టమైన పనిని అన్నిటికన్నా తక్కువ సమయంలో, చేతులు వణుకుతుండగా చేస్తారు. నేర్చుకునేటప్పుడు తిరగేయండి: బ్యాటరీ మొదటి సగం ల్యాండింగులకి, మిగిలితే షికారుకి.

మామూలు లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు. గాల్లో ఉండగా సెల్‌కి 3.5 కనిపించిందంటే దిగడం మొదలుపెట్టాలి. 3.3 కిందకి పోతే బ్యాటరీ పాడవ్వొచ్చు. ఇక్కడొక మెలిక ఉంది: థ్రాటిల్ ఒక్కసారిగా పెంచితే వోల్టేజి కిందకి జారుతుంది, తగ్గిస్తే మళ్ళీ కొంచెం లేస్తుంది. 3.4 దగ్గర నెమ్మదిగా దిగుతూ, చివర్లో భయపడి థ్రాటిల్ పైకి లాగితే, ఆ లాగుడుకే బ్యాటరీ చేతులెత్తేయొచ్చు. వోల్టులు చూపించని డ్రోన్లయితే 30 శాతం దగ్గర వెనక్కి తిప్పండి. టెల్లో 13 నిమిషాలు ఎగురుతుందని పెట్టె మీద ఉంటుంది. మేము ఎనిమిదికి దించేవాళ్ళం.

కెమెరా డ్రోన్లు కొన్ని బ్యాటరీ మరీ అడుగంటితే ఎవరి మాటా వినకుండా వాటంతటవే దిగిపోతాయి. అప్పుడు కూడా కుడి స్టిక్ పనిచేస్తుంది. దిగడాన్ని ఆపలేకపోయినా, ఎక్కడ దిగాలో పక్కకి జరపొచ్చు. ఇది తెలియక చెరువులో పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

మొదటి మెట్టు: కంటి ఎత్తులో ఒక నిమిషం

డ్రోన్ తోక మీవైపు, ముఖం అవతలికి. లేపి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఆపండి. కింద చెక్క మీద పడే డ్రోన్ నీడనో, చెక్క అంచునో గుర్తు పెట్టుకుని, ఆ హద్దు దాటకుండా ఒక నిమిషం నిలపండి.

జీపీఎస్ ఉన్న డ్రోన్ తనంతట తానే నిలుస్తుంది కాబట్టి ఇది పిల్లలాటలా అనిపిస్తుంది. అలాంటప్పుడు చెక్క నాలుగు మూలల మీదా వరసగా నిలపండి: ఒక్కో మూల దగ్గర పది అంకెలు లెక్కపెట్టేదాకా. మూల దగ్గరికి చేరాక స్టిక్ వదిలేస్తే డ్రోన్ కొంచెం ముందుకి జారి ఆగుతుంది. ఎంత జారుతుందో మీ చేతికి తెలియాలి. సైకిలు బ్రేకు పట్టు చేతికి తెలిసినట్టే ఇదీను.

జీపీఎస్ లేని డ్రోన్‌లో చేయి ఖాళీగా ఉండదు. అది ఎడమకి జారుతుంటే కుడికి చిన్నగా తట్టాలి, అది ఆగేలోపే తట్టడం ఆపాలి. కొత్తవాళ్ళ తప్పు ఒక్కటే, పట్టుకుని ఉండిపోవడం. జారుడు ఆగేదాకా పట్టుకుంటే అప్పటికే అటువైపు పరుగు మొదలవుతుంది. మావాడికి ఈ ఒక్క సంగతి పట్టుబడ్డానికి రెండు రోజులు పట్టింది. "తలుపు తట్టినట్టు తట్టరా, తోసినట్టు కాదు" అని నేను అంటూనే ఉన్నాను. మూడో రోజు ఎందుకో తెలియదు, ఉన్నట్టుండి చేతికొచ్చేసింది.

రెండో మెట్టు: మూడు మీటర్ల నుంచి ఒక మీటరు దాకా

ఇప్పుడు చెక్క మీదకి మూడు మీటర్ల ఎత్తులో తీసుకొచ్చి ఆపండి. ఆపి చూడండి: మనుషులెవరైనా వస్తున్నారా, కుక్క ఉందా, గాలి మారిందా. అప్పుడు ఎడమ స్టిక్ మధ్యనుంచి కొంచెం కిందకి, పావు వంతు చాలు.

నిటారుగా, వేగంగా దించకూడదు. డ్రోన్ గాలిని కిందకి తోసి ఆ తోపుతోనే పైన నిలుస్తుంది. తను తోసిన గాలిలోకే తను వేగంగా దిగిపోతే ఆ గాలి రెక్కల చుట్టూ సుడి తిరుగుతుంది. దీన్ని వోర్టెక్స్ రింగ్ అంటారు, పెద్ద హెలికాప్టర్లకి కూడా ఇది తప్పదు. అప్పుడు డ్రోన్ గడగడా వణికి, ఉన్నట్టుండి కిందకి జారుతుంది. వణుకు కనబడగానే అందరూ థ్రాటిల్ పెంచుతారు. సుడి అలాగే ఉన్నంతసేపు అది పెద్దగా పనికిరాదు. కుడి స్టిక్ ముందుకో పక్కకో తోసి ఆ సుడిలోంచి బయటికి రావాలి. పక్కన చెదరని గాలి దొరకగానే రెక్కలకి పట్టు వస్తుంది.

అందుకే బాగా ఎత్తునుంచి వచ్చేటప్పుడు మేడ మెట్లు దిగినట్టు ఏటవాలుగా రండి. కొంచెం ముందుకి, కొంచెం కిందకి. చెక్కకి కాస్త దూరంలో మొదలై, చెక్క మీదకి వచ్చేసరికి మూడు మీటర్ల ఎత్తులో ఉండాలి. ఆఖరి మూడు మీటర్లే నిటారు, అదీ నెమ్మదిగా.

మూడో మెట్టు: ఆఖరి మీటరు

ఆగండి. ఒక మీటరు ఎత్తులో మళ్ళీ పూర్తిగా ఆగండి. ఇది ఎవరూ చేయరు, నేనైతే ఎప్పుడూ మానను. పక్కకి కదలిక సున్నా అయిందని మీకు నమ్మకం కుదిరాకే కిందకి.

మోకాలి ఎత్తు దాటాక డ్రోన్ ప్రవర్తన మారుతుంది. రెక్కలు తోసిన గాలి నేలకి కొట్టుకుని పరుపులా అడ్డం పడుతుంది. డ్రోన్ దిగనని మొరాయిస్తూ అటూ ఇటూ ఊగుతుంది. ఎత్తు రెక్క పొడవంతకి తగ్గితే ఇది బాగా కనబడుతుంది. ఇక్కడ భయపడి ఆగిపోవడం పెద్ద తప్పు. ఒక జానెడు ఎత్తులో ఎంతసేపు తటపటాయిస్తే అంతసేపు ఊగుతుంది, ధూళి లేస్తుంది, ఏదో ఒక కాలు ముందు తగులుతుంది.

అందుకని ఆ జానెడూ ఒకే పట్టున దించేయాలి. ఎత్తి పడేయమని కాదు, బియ్యం బస్తా భుజం మీంచి దించేటప్పుడు ఆఖర్లో చేతులు వదిలేస్తాం చూడండి, అలా. కాళ్ళు తగలగానే ఎడమ స్టిక్ పూర్తిగా కిందకి నొక్కి, మోటార్లు ఆగేదాకా పట్టుకోండి. చాలా కెమెరా డ్రోన్లకి రెండు మూడు సెకన్లు పడుతుంది. అరసెకను నొక్కి వదిలేస్తే మళ్ళీ చిన్న గెంతు గెంతుతుంది. గెంతినప్పుడు కుడి స్టిక్ ముట్టుకున్నారంటే పల్టీయే.

ఎఫ్‌పీవీ డ్రోన్లు (డ్రోన్ కెమెరా చూపించేదాన్ని కళ్ళకి పెట్టుకున్న తెరలో చూస్తూ ఎగరేసేవి) కట్టుకునే కుర్రాళ్ళకి: వాటిని నడిపే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌లో ఎయిర్‌మోడ్ ఆన్‌లో ఉంటే థ్రాటిల్ సున్నాలో కూడా డ్రోన్ తనని తాను సమంగా ఉంచుకోవాలని చూస్తూనే ఉంటుంది. ఒక కాలు రాయి మీద, ఒక కాలు గుంటలో పడితే ఆ వంపుని సరిచేయాలని మోటార్లు వేగం పెంచి గెంతులేస్తుంది. నేలకి తగిలిన క్షణమే మోటార్లు ఆపేసే డిసార్మ్ స్విచ్ వేయండి. వేలు ఆ స్విచ్ మీదే సిద్ధంగా ఉండాలి. మొదట్లో యాంగిల్ మోడ్‌లోనే (స్టిక్ వదిలితే డ్రోన్ తనే సమంగా నిలబడే పద్ధతి) దించండి, సిగ్గేం లేదు. లిఫ్టాఫ్, వెలోసీడ్రోన్ లాంటి సిమ్యులేటర్లలో (కంప్యూటర్ మీద ఎగరేయడం నేర్పే ఆటలు) రోజుకి ఇరవై ల్యాండింగులు అసలు రెక్క ఒక్కటీ విరక్కుండా చెడగొట్టుకోవచ్చు.

దించకుండా పైకి లేపడం కూడా అభ్యాసమే

పది ల్యాండింగులు అనుకుంటే అందులో మూడు కావాలనే చెడగొట్టండి. ఒక మీటరు దాకా వచ్చి, పక్కనున్నవాళ్ళు "పైకి!" అనగానే ఎడమ స్టిక్ పైకి తోసి మూడు మీటర్లకి లేపేయండి. పక్కకి తిప్పడం, వెనక్కి లాగడం ఏమీ వద్దు, ముందు ఎత్తు.

మా గ్రౌండులో ఇది నేర్పింది ఒక కుక్క. నాలుగో రోజు డ్రోన్ దిగుతుంటే ఎక్కడినుంచో దూకింది. మావాడు కుడి స్టిక్ లాగాడు, డ్రోన్ అదే ఎత్తులో పక్కకి పోయింది, కుక్కకి ఇంకా సరదా పుట్టి వెంటపడింది. "పైకి రా, పైకి!" అని నేను అరిచేలోపు రెక్క ఒకటి ఎగిరిపోయింది. కుక్కకి ఏమీ కాలేదు. గద్దలు కూడా అంతే, కాకపోతే అవి పైనుంచి వస్తాయి. గద్ద తిరుగుతుంటే ఆ పూటకి దించి సర్దేయడమే. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల దారం కంటికి కనబడదు. ఆ నాలుగు రోజులూ మేం డ్రోన్ బయటికి తీయం.

ముఖం మీవైపు ఉంటే

నన్ను ముంచింది ఇదే కాబట్టి కొంచెం నింపాదిగా చెబుతాను. డ్రోన్ తోక మీవైపు ఉంటే దాని కుడి మీ కుడి. అది మీవైపు తిరిగితే దాని కుడి మీ ఎడమ అవుతుంది. బుర్రలో తిరగేసి ఆలోచిస్తే ఆ ఆలోచన తెమిలేలోపు గోడ వచ్చేస్తుంది.

మా వైపు అరటి తోటలెక్కువ. గెల వేసిన చెట్టు ఎటు ఒరుగుతుందో అటువైపే కదా వెదురు గడ ఊతం పెడతాం. ఎదురుగా చూస్తున్న డ్రోన్‌కీ అదే సూత్రం. మీ ఎడమకి జారిపోతుంటే స్టిక్ కూడా ఎడమకే, ఒరుగుతున్న వైపే ఊతం. అంతే, ఇంకేం ఆలోచించొద్దు. ముందువెనకల సంగతైతే, అది మీవైపు వస్తుంటే కుడి స్టిక్ మీవైపుకే లాగాలి. డ్రోన్‌కి అది వెనక్కి వెళ్ళమన్నట్టు. చేయి ఒప్పుకోదు. దూరంగా తోసెయ్యాలనిపిస్తుంది, తోస్తే ఇంకా వేగంగా మీదకి వస్తుంది.

"గడ ఏ వైపు?" అని నేను అడిగితే మావాడు చేత్తో చూపించేవాడు, డ్రోన్ లేకుండానే, అన్నం తినేటప్పుడు కూడా. మా అక్కకి అదో గోల.

వరస ఇలా పెట్టుకోండి: ముందు తోక మీవైపు ఉంచి ఇరవై ల్యాండింగులు. తర్వాత పక్కకి తిరిగి, ఎడమ ముఖంగా పది, కుడి ముఖంగా పది. ఆ తర్వాతే ముఖం మీవైపు. నిజంగా ఇబ్బందిలో పడితే మాత్రం వీరత్వం వద్దు: కొంచెం ఎత్తు పెంచి, ఎడమ స్టిక్‌తో డ్రోన్‌ని తిప్పి తోక మీవైపు తెచ్చుకుని అప్పుడు దించండి.

సెన్సర్లు మోసపోయే చోట్లు

చాలా డ్రోన్లకి పొట్ట కింద చిన్న కెమెరా ఉంటుంది, నేల మీద గుర్తులు చూస్తూ తను జారుతోందో లేదో అది కనిపెడుతుంది. నాట్లు వేసిన పొలంలో నీళ్ళు తళతళలాడుతుంటాయి, అలలు కదులుతుంటాయి. ఆ కదలికని తన కదలిక అనుకుని డ్రోన్ వాటి వెంట పోతుంది. మెరిసే టైల్స్, ఒకే రంగు సిమెంటు, మసక వెలుతురు కూడా అంతే. ఇండోర్‌లో దించేటప్పుడు నేల మీద ఒక పాత వార్తాపత్రిక అతికించి చూడండి, డ్రోన్ ఎంత బుద్ధిగా నిలుస్తుందో.

ఎత్తు గడ్డిలో రెక్కలు చిక్కుకుంటాయి. డాబా మీద దించాలంటే పిట్టగోడకి దూరంగా మధ్యలో దించండి: స్లాబులో ఇనుము కంపాస్‌ని తికమక పెడితే డ్రోన్ పక్కకి జారొచ్చు, అంచు దగ్గర గాలి పైకి తన్నుకొస్తుంది. కొన్ని డ్రోన్లు కింద ఎగుడుదిగుడు కనబడితే దిగకుండా మొండికేస్తాయి. స్టిక్ కిందకే నొక్కి పట్టుకుంటే చివరికి ఒప్పుకుంటాయి.

అరచేతిలోకి దించుకోవడం

వీడియోల్లో చూసి అందరూ ముందు దీన్నే అడుగుతారు, నేను ఆఖర్న పెట్టాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: 250 గ్రాములు దాటిన దేన్నీ చేత్తో పట్టుకోవద్దు. రక్షణ కంచె లేని అయిదు అంగుళాల రెక్కల ఎఫ్‌పీవీ డ్రోన్‌ని ఎప్పటికీ వద్దు. దాని రెక్క వేలిని ఎముకదాకా కోసేస్తుంది. బురద, నీళ్ళు, ఇసుక తప్ప వేరే దిక్కు లేనప్పుడు పనికొచ్చే ఉపాయం ఇది. రోజూ చేసే విన్యాసం కాదు.

చేయాల్సి వస్తే ఇలా. మొదట మోటార్లు ఆపేసి, రెక్కలు తీసేసి, డ్రోన్‌ని వేరే వాళ్ళ చేత పట్టించి మీ చేయి ఎక్కడికి వెళ్ళాలో పదిసార్లు చూసుకోండి. రెక్కల చుట్టూ కంచె బిగించండి. కళ్ళజోడు పెట్టుకోండి. కండువా, చున్నీ, విరబోసిన జుట్టు, వదులు చేతులు ఏవీ ఉండకూడదు. గాలి ఉంటే మానేయండి.

డ్రోన్ తోక మీవైపు, మీకు ఒక చేయి దూరంలో, తలకన్నా కొంచెం ఎత్తులో నిలపండి. ముఖానికి సమానమైన ఎత్తు ఎప్పుడూ వద్దు. అరచేయి చాపి, వేళ్ళు దగ్గరగా చేర్చి, పొట్ట కిందకి నెమ్మదిగా తీసుకెళ్ళండి. పక్కనుంచి కాదు, కిందనుంచి. చేయి కనబడగానే అడ్డం అనుకుని కొన్ని డ్రోన్లు పైకి లేస్తాయి. వెంటపడి ఎగిరి అందుకోవద్దు, చేయి తీసి మళ్ళీ మొదలుపెట్టండి. డ్రోన్ అరచేతిలో కూర్చోగానే రెండో చేతి బొటనవేలితో థ్రాటిల్ పూర్తిగా కిందకి నొక్కి ఉంచండి. మోటార్లు ఆగేదాకా డ్రోన్‌ని వంచకండి. వంచితే అది గాల్లో పక్కకి ఒరిగాననుకుని సరిచేసుకోవడానికి మోటార్ల వేగం పెంచుతుంది. చేయి కోసుకున్నవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే: పట్టుకున్న సంబరంలో చేయి దించేస్తారు.

గోదావరి మీద పడవలో అయితే ఇంకో చిక్కు. పడవ కదులుతుంటే డ్రోన్ తను ఆగిన చోటే నీళ్ళ మీద ఆగిపోతుంది, హోమ్ పాయింట్ ఎప్పుడో వెనకబడిపోయి ఉంటుంది. అక్కడ రిటర్న్ బటన్ అంటే నదికి అర్పణ. ఇంజను ఆపించి, పడవ నెమ్మదించాక, జనానికి దూరంగా అంచు దగ్గర నిలబడి పట్టుకోవాలి. ఇవన్నీ చేతిలో ఉంటేనే పడవ మీంచి లేపండి.

దిగాక

రెక్కలు పూర్తిగా ఆగేదాకా దగ్గరికి వెళ్ళకండి. ముందు డ్రోన్ ఆపి బ్యాటరీ తీయండి, తర్వాతే రిమోట్ ఆపండి. మోటార్లు ఒక్కోటీ ముట్టుకుని చూడండి: నాలుగింట్లో ఒకటే బాగా వేడిగా ఉంటే దానికి వెంట్రుకో దారమో చుట్టుకుని ఉండొచ్చు, లేదా రెక్క వంగి ఉండొచ్చు. వేడిగా ఉన్న బ్యాటరీని ఛార్జింగు పెట్టకండి, చల్లారనివ్వండి. వారం రోజులు వాడననుకుంటే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.

ఒక చిన్న పుస్తకంలో ప్రతి ల్యాండింగూ రాసుకోండి: తేదీ, గాలి, ఎన్నో బ్యాటరీ, ఎక్కడ దిగింది, ఏం తప్పు జరిగింది. మావాడి పుస్తకం ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. సెలవులు అయిపోయే ముందు రోజు పేజీలో ఇలా ఉంది: "9వ ల్యాండింగ్, చెక్క మీద. 10, చెక్క మీద. 11, మళ్ళీ కుక్క వచ్చింది, పైకి లేపేశా. 12, చెక్క మీద, ముఖం నావైపు."